నేల పొమ్మంది... నింగి రమ్మంది!

ఆ అమ్మాయికి విమానం నడపాలని కోరిక. అమెరికాలో ఏ ఫ్లయింగ్ స్కూలూ చేర్చుకోలేదు. ఆడపిల్లవి కాబట్టి కుదరదన్నారు. నల్లపిల్లవి కాబట్టి అసలే కుదరదన్నారు. ఆమె వాళ్లతో వాదించలేదు. రాని భాష నేర్చుకుంది, సముద్రం దాటింది, పరాయిదేశంలో పైలట్ లైసెన్సు తీసుకుని మరీ తిరిగొచ్చింది. ప్రపంచంలో ఆ లైసెన్సు అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆమే. పేరు... బెస్సీ కోల్‌మన్. ఆ తర్వాత ఆమె బతికింది అయిదేళ్లు కూడా కాదు.

మహిళా పైలట్లు అనగానే చాలామందికి గుర్తొచ్చే పేరు అమేలియా ఇయర్‌హార్ట్. పసిఫిక్ మీద మాయమైపోయిన ఆ అమ్మాయి గురించి పుస్తకాలొచ్చాయి, సినిమాలొచ్చాయి. అమేలియాకు అంతర్జాతీయ లైసెన్సు వచ్చింది 1923లో. బెస్సీకి అంతకు దాదాపు రెండేళ్ల ముందే వచ్చింది. అయినా చాలాకాలం పాటు బెస్సీ పేరు ఆమె జాతివాళ్లకు తప్ప బయట పెద్దగా తెలియదు. ఎందుకని అడిగితే జవాబు ఆమె కథలోనే ఉంది.

తక్కెడ మీద కాలు

టెక్సాస్ రాష్ట్రంలో అట్లాంటా అని ఓ చిన్న ఊరు. (జార్జియాలోని మహానగరం కాదు, ఇది వేరు.) అక్కడే 1892 జనవరి 26న పుట్టింది బెస్సీ. పదమూడు మంది సంతానంలో పదోది. ఆమెకు రెండేళ్లున్నప్పుడు కుటుంబం వాక్సహాచీ అనే ఊరికి వచ్చేసింది. తండ్రి జార్జి పావు ఎకరం స్థలం కొని, మూడు గదుల ఇల్లు కట్టాడు. ఆ చుట్టుపక్కలంతా పత్తి చేలే. పత్తి తీయడం వాళ్ల బతుకుతెరువు.

బానిసత్వం రద్దయి అప్పటికి పాతికేళ్లు దాటింది. కాగితం మీద. దక్షిణాది రాష్ట్రాల్లో మాత్రం 'జిమ్ క్రో' చట్టాలు రాజ్యమేలుతుండేవి. నల్లవాళ్లకు బడి వేరు, రైలు పెట్టె వేరు. ఓటు వేయకుండా సవాలక్ష అడ్డంకులు. ఎదురు మాట్లాడిన మనిషిని మూక చెట్టుకు వేలాడదీసినా అడిగే నాథుడు లేడు. జార్జి పూర్వీకుల్లో చెరోకీ తెగవాళ్లున్నారు. అంటే ఆయనకు ఇటు నల్లవాడిగానూ హక్కుల్లేవు, అటు ఆదివాసిగానూ లేవు. విసిగిపోయి 1901లో ఓక్లహామా ప్రాంతానికి వెళ్లిపోదామన్నాడు. భార్య సుసాన్ రానంది. ఆయన వెళ్లిపోయాడు. అప్పటికి బెస్సీకి తొమ్మిదేళ్లు.

సుసాన్ తెల్లవాళ్ల ఇళ్లలో వంటపనికీ, పాచిపనికీ కుదిరింది. తల్లి పనికెళ్తే చెల్లెళ్లను చూసుకోవడం బెస్సీ వంతు. ఆ బాధ్యత ఉన్నా రోజూ నాలుగు మైళ్లు నడిచి బడికి వెళ్లేది. ఒకే గది, అన్ని తరగతులూ అందులోనే. పత్తి తీతలు మొదలయ్యాయంటే ఆ గదికి తాళమే. పిల్లలందరూ చేలో ఉండాల్సిందే. పత్తి తీసిన చేతులు ఎలా గీరుకుపోతాయో పల్లెటూళ్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. బెస్సీకి ఆ పని అంటే ఒళ్లుమంట. పని దొంగ అని ఇంట్లో పేరు కూడా తెచ్చుకుంది.

కానీ లెక్కల్లో దిట్ట. అందుకే తల్లి ఆమెకు వేరే బాధ్యత అప్పజెప్పింది... కుటుంబమంతా తీసిన పత్తి తూకాలు సరిచూడటం, కూలి లెక్కగట్టడం. యజమాని మనిషి అటు తిరిగినప్పుడు బెస్సీ తక్కెడ మీద కాస్త కాలు ఆనించేదని ఆ కుటుంబంలో ఓ ముచ్చట చెప్పుకునేవారు. నిజంగా చేసిందో, తర్వాత కల్పించారో గానీ... మనిషి స్వభావానికి మాత్రం అతికినట్టు సరిపోతుంది.

సుసాన్‌కు చదవడం రాదు. అయినా పిల్లలు చదవాలని పట్టుదల. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ దారిన వచ్చే గ్రంథాలయం బండి దగ్గర పుస్తకాలు తెచ్చుకునేవారు. రాత్రిపూట దీపం ముందు కూర్చుని బెస్సీ గట్టిగా చదివితే ఇంటిల్లిపాదీ వినేవారు. ఆ తర్వాత బట్టలుతికి, ఇస్త్రీ చేసి కూడబెట్టిన డబ్బుతో 1910లో ఓక్లహామాలోని లాంగ్‌స్టన్‌లో నల్లవాళ్ల కాలేజీలో చేరింది. ఒక్క టర్ము గడిచేసరికి డబ్బయిపోయింది. తిరిగి వాక్సహాచీ. తిరిగి చాకిరేవు.

అన్న అన్న మాట

1915లో, ఇరవై మూడేళ్ల వయసులో, షికాగో రైలెక్కింది. అన్నలు వాల్టర్, జాన్ అప్పటికే అక్కడున్నారు. దక్షిణాది నుంచి లక్షలమంది నల్లవాళ్లు ఉత్తరాది నగరాలకు తరలిపోతున్న రోజులవి. ఇంకోసారి వేరే వాళ్ల బట్టలు ఉతకకూడదని అనుకుందేమో, బెస్సీ గోళ్లు తీర్చిదిద్దే పని నేర్చుకుంది. 'వైట్ సాక్స్' అనే క్షౌరశాలలో కిటికీ పక్కన బల్ల వేసుకుని మగవాళ్ల గోళ్లకు సొగసులద్దేది. ఆ షాపు చిన్నదే గానీ వచ్చేవాళ్లు చిన్నవాళ్లు కాదు. వ్యాపారులు, పత్రికలవాళ్లు, జూదగాళ్లు, రాజకీయనాయకులు... నల్లవాళ్ల షికాగో మొత్తం ఆ కుర్చీల్లో కూర్చునేది. ఆ పరిచయాలే తర్వాత బెస్సీని సముద్రం దాటించాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆమె అన్నలిద్దరూ ఫ్రాన్సులో పనిచేసి వచ్చారు. దేశం కోసం పోరాడి తిరిగొచ్చిన నల్ల సైనికులకు షికాగోలో ఎదురైంది ఏమిటో తెలుసా... 1919 వేసవిలో జాతి అల్లర్లు. ఒక్క ఆ నగరంలోనే 38 మంది చనిపోయారు. ఉద్యోగాల్లేవు. జాన్ తాగుడు మరిగాడు.

ఓరోజు తూలుతూ చెల్లెలి దగ్గరకొచ్చాడు. ఫ్రాన్సు ఆడవాళ్ల గురించి గొప్పలు మొదలుపెట్టాడు. అక్కడి ఆడవాళ్లు విమానాలు కూడా నడిపేస్తారనీ, ఇక్కడి నల్ల ఆడవాళ్లు ఎప్పటికీ ఎగరలేరనీ గేలిచేశాడు. షాపులో అందరూ నవ్వారు. బెస్సీ కూడా నవ్వింది. నవ్వి, ఇక నేను చేయాల్సింది ఏమిటో నువ్వే తేల్చి చెప్పావు అన్నట్టు మాట్లాడిందట. తాగినవాడి మాట పట్టించుకోనక్కర్లేదని మనం అనుకుంటాం. ఆమె పట్టించుకుంది.

ఫ్లయింగ్ స్కూళ్ల చుట్టూ తిరిగింది. అన్నిచోట్లా మొండిచెయ్యే. అప్పుడు దారి చూపినవాడు రాబర్ట్ అబాట్. 'షికాగో డిఫెండర్' పత్రిక వ్యవస్థాపకుడు. దేశమంతటా నల్లవాళ్లు కళ్లకద్దుకుని చదివే వారపత్రిక అది. ఇక్కడ తలుపులు కొట్టి లాభం లేదు, ఫ్రాన్సు వెళ్లు, ముందు ఫ్రెంచి నేర్చుకో అన్నాడాయన. బెస్సీ గోళ్ల పని మానేసి, అంతకన్నా ఎక్కువ జీతం వస్తుందని ఓ చిన్న హోటల్లో మేనేజరుగా చేరింది. సాయంత్రాలు బెర్లిట్జ్ స్కూల్లో ఫ్రెంచి పాఠాలు. తన పొదుపుకి అబాట్, బ్యాంకు యజమాని జెస్సీ బింగా లాంటివాళ్ల సాయం తోడైంది. 1920 నవంబరులో న్యూయార్క్‌లో ఓడెక్కింది.

గుడ్డ, కర్ర, తీగ

ఫ్రాన్సులో దిగగానే అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటే. మొదట వెళ్లిన స్కూలు చేర్చుకోలేదు. శిక్షణలో ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారట, అందుకని ఆడవాళ్లను తీసుకోవడం మానేశారు. చివరికి ఉత్తర ఫ్రాన్సులో సోమ్ నది సముద్రంలో కలిసేచోట, లె క్రొతోయ్ అనే ఊళ్లో కాద్రాన్ సోదరుల స్కూలు ఆమెను తీసుకుంది. పేరున్న స్కూలది. బస చేసిన చోటి నుంచి స్కూలుకి రోజూ తొమ్మిది మైళ్లు నడిచేదాన్నని తర్వాత ఆమే చెప్పింది. చిన్నప్పుడు నాలుగు మైళ్లు నడిచిన పిల్లకు అదేమంత లెక్క!

ఆనాటి విమానం అంటే ఇప్పుడు మనం ఎక్కే విమానాన్ని ఊహించుకోకూడదు. ఆమె నేర్చుకుంది నియూపోర్ట్-82 రకం మీద. రెండంతస్తుల రెక్కలు. కర్ర చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, అన్నిటినీ పట్టి ఉంచే ఇనుప తీగలు. 27 అడుగుల పొడవు, 40 అడుగుల రెక్కలు. స్టీరింగు చక్రం లేదు, బ్రేకులు లేవు. మన ముందు క్రికెట్ బ్యాటంత కర్ర ఒకటి ఉంటుంది, కాళ్ల కింద ఓ అడ్డకమ్మీ. కర్రను ముందుకు నెడితే ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది. కాలితో కమ్మీని నొక్కితే పక్కకు తిరుగుతుంది. నేలమీద దిగాక ఆపేది ఎలాగంటే... తోక కింద ఉన్న లోహపు కొక్కెం నేలను గీరుకుంటూ పోయి పోయి ఆగాలి. అంతే.

శిక్షకుడు ఒక సీట్లో, విద్యార్థి ఇంకో సీట్లో. పైన కప్పు లేదు. ఇంజిన్ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. శిక్షకుడి కర్ర కదిలితే విద్యార్థి ముందున్న కర్రా కదులుతుంది. ఆ కదలికను పట్టుకుని నేర్చుకోవాలి. ఎగిరే ముందు ప్రతి తీగనూ, ప్రతి బిగింపునూ చేత్తో తడిమి చూసుకోవాలి. ఈ జాగ్రత్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది. తోటి విద్యార్థి ఒకడు ప్రమాదంలో చనిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఏం జరిగినా స్కూలుకి సంబంధం లేదని ముందే సంతకం పెట్టించుకున్నారు.

పది నెలల కోర్సు ఏడు నెలల్లో పూర్తిచేసింది. 1921 జూన్ 15న అంతర్జాతీయ వైమానిక సమాఖ్య లైసెన్సు చేతికొచ్చింది. నంబరు 18310. దాని మీద పుట్టిన సంవత్సరం 1896 అని ఉంది! నాలుగేళ్లు తగ్గించి చెప్పిందన్నమాట. ఇదొక్కటే కాదు, తన గురించి కాస్త పెంచి చెప్పుకోవడం బెస్సీకి అలవాటే. విదేశాల నుంచి డజను విమానాలు తెప్పిస్తున్నానని విలేకరులకు చెప్పింది. ఆ విమానాలేవీ రాలేదు. తప్పే. అయితే ఆమె దగ్గర డబ్బు లేదు, వెనక కంపెనీ లేదు, వార్తల్లో ఉంటేనే జనం టిక్కెట్టు కొంటారు. పొట్టకూటికి ఆడిన అబద్ధాన్ని తూచడానికి ఏ తక్కెడ వాడాలో!

రెండో ప్రయాణం

1921 సెప్టెంబరులో అమెరికా తిరిగొచ్చేసరికి పత్రికలవాళ్లు రేవులోనే ఎదురొచ్చారు. పేరొచ్చింది గానీ తిండి పెట్టే ఉద్యోగం లేదు. ప్రయాణికుల విమానాలు అప్పటికింకా పుట్టనట్టే లెక్క. పైలట్‌గా బతకాలంటే మిగిలిన దారి ఒక్కటే, ఊరూరా గాల్లో విన్యాసాలు చేసి చూపించడం. యుద్ధం అయిపోవడంతో సైన్యం వదిలించుకున్న 'జెన్నీ' విమానాలు చవకగా దొరికేవి. వాటిని కొనుక్కుని పైలట్లు పల్లెల మీద పడ్డారు. చేలో దిగేవారు, పల్టీలు కొట్టేవారు, రెక్కల మీద నడిచేవారు, పారాచూట్‌తో దూకేవారు. మన ఊళ్లలో సర్కస్ వచ్చినట్టే. కాకపోతే కింద వల ఉండదు.

బెస్సీకి తెలిసింది మామూలుగా ఎగరడమే. విన్యాసాలు నేర్పేవాళ్లు మళ్లీ అమెరికాలో దొరకలేదు. దాంతో 1922 ఫిబ్రవరిలో రెండోసారి యూరప్ వెళ్లింది. ఫ్రాన్సులో కొన్నాళ్లు నేర్చుకుంది. నెదర్లాండ్స్‌లో విమానాల తయారీదారు ఆంథొనీ ఫోకర్‌ని కలిసింది. జర్మనీలోనూ సాధన చేసింది.

1922 సెప్టెంబరు 3. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని కర్టిస్ ఫీల్డ్. యుద్ధంలో పోరాడిన 369వ నల్లజాతి పటాలం గౌరవార్థం ఏర్పాటుచేసిన ప్రదర్శన. అమెరికా గడ్డ మీద ఓ నల్లజాతి మహిళ జనం ముందు విమానం నడపడం అదే మొదటిసారి. ఆమె దుస్తులు కూడా ఆమె ఎంచి కుట్టించుకున్నవే... సైనికాధికారి మాదిరి కోటు, నడుముకీ భుజానికీ తోలు పట్టీ, మోకాళ్ల దాకా బూట్లు, కళ్లద్దాల టోపీ. ఆరు వారాల తర్వాత సొంతూరు లాంటి షికాగోలో ప్రదర్శన. అభిమానులు పెట్టిన పేరు 'క్వీన్ బెస్'.

సినిమావాళ్లూ వచ్చారు. నల్లజాతివాళ్ల సంస్థ ఒకటి ఆమెను హీరోయిన్‌గా పెట్టి 'షాడో అండ్ సన్‌షైన్' తీద్దామనుకుంది. బెస్సీ సంతోషంగా ఒప్పుకుంది. తీరా మొదటి సన్నివేశం ఏమిటంటే... చిరుగుల బట్టలు, చేతిలో కర్ర, వీపున మూట, పల్లె నుంచి పట్నానికి అమాయకంగా వచ్చే పిల్ల. నల్లవాళ్లంటే ఇలాగే ఉంటారని తెల్లవాళ్లు అనుకునే బొమ్మ అది. నేను చేయనని వచ్చేసింది. పొగరుబోతు అన్నారు. మేనేజర్లతోనూ ఆమెకు ఎక్కువకాలం పొసిగేది కాదు, ఒకరి తర్వాత ఒకరు మారిపోయేవారు. అబాట్ పత్రిక, ఇతర నల్లవాళ్ల పత్రికలు ఆమెను మోసినా, ఆ సినిమా వదులుకోవడం వల్ల కొన్ని తలుపులు మూసుకుపోయాయి. అయినా చిరుగుల బట్టలు వేసుకోలేదు.

విరిగిన కాలు... ఒకటే గేటు

కాలిఫోర్నియాలో ఓ టైర్ల కంపెనీకి ప్రచారం చేసి ఎట్టకేలకు సొంతంగా ఓ పాత జెన్నీ కొనుక్కుంది. 1923 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలెస్‌లో ప్రదర్శన. జనం అక్కడ ఎదురుచూస్తున్నారు. ఆమె శాంటా మోనికాలో విమానం ఎక్కింది. దాదాపు 300 అడుగుల ఎత్తుకు వెళ్లాక ఇంజిన్ ఆగిపోయింది. నేరుగా వచ్చి నేలకు కొట్టుకుంది విమానం. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి, ముఖమంతా గాయాలు. ఒళ్లు తెలియగానే డాక్టర్‌ని బతిమాలిందట... ఎలాగోలా కట్లు కట్టి పంపండి, జనం ఎదురుచూస్తుంటారని. మూడు నెలలు ఆసుపత్రిలోనే ఉంది. విమానం తుక్కయింది. నడవగలిగిన రోజున మళ్లీ ఎగురుతానని అభిమానులకు కబురు పంపింది.

నడవగలిగింది త్వరగానే గానీ నిలదొక్కుకోవడానికి రెండేళ్లు పట్టింది. 1925 జూన్ 19న టెక్సాస్‌లోని హూస్టన్‌లో మళ్లీ గాల్లోకి లేచింది. ఆ తేదీకి ఓ విశేషముంది. టెక్సాస్‌లోని బానిసలకు స్వేచ్ఛ లభించిన కబురు అందిన రోజది (1865), నల్లవాళ్లకు పండగ. ప్రదర్శన తర్వాత వచ్చినవాళ్లలో కొందరిని విమానం ఎక్కించి నగరం మీద తిప్పింది. జీవితంలో ఎన్నడూ విమానాన్ని దగ్గరగా చూడనివాళ్లు, తమలాంటి ఓ అమ్మాయి నడుపుతుంటే మేఘాల దగ్గరకు వెళ్లొచ్చారు.

ఆ యాత్రలోనే సొంతూరు వాక్సహాచీలో ప్రదర్శన. ఇక్కడ జరిగిందే నాకు బెస్సీ జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. నిర్వాహకులు రెండు గేట్లు పెట్టాలనుకున్నారు. తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి. ఒకే గేటు ఉంటే తప్ప ఎగరనని బెస్సీ భీష్మించింది. బేరసారాల తర్వాత ఒకే గేటుకి ఒప్పుకున్నారు. లోపల మాత్రం కూర్చునే చోట్లు వేరువేరుగానే ఉంచారు. ఆమెకు దక్కింది సగం గెలుపే. కానీ, పాతికేళ్ల కిందట ఆ ఊరి పత్తి చేలలో కూలికెళ్లిన పిల్ల, ఆ ఊరి పెద్దల చేత తన షరతు ఒప్పించుకుంది. అదీ 1925లో, టెక్సాస్‌లో!

ఊరూరా తిరుగుతూ స్కూళ్లలో, చర్చిల్లో, సినిమా హాళ్లలో ఉపన్యాసాలిచ్చేది. తన విన్యాసాల సినిమా రీళ్లు వేసి చూపించేది. ఎక్కడికెళ్లినా చెప్పేది ఒకటే, నల్లవాళ్ల కోసం ఫ్లయింగ్ స్కూలు పెట్టాలి. తనలా ఇంకొకరు సముద్రం దాటాల్సిన అవసరం రాకూడదు. ఆ స్కూలుకి డబ్బు కూడబెట్టాలని ఫ్లోరిడాలోని ఓర్లాండోలో బ్యూటీ షాపు కూడా తెరిచింది. ఆకాశం దాకా వెళ్లొచ్చిన మనిషి మళ్లీ గోళ్లూ జుట్టూ దగ్గరకు రావడం చిన్నతనమని అనుకోలేదు.

మరమ్మతు పానా

విమానం మళ్లీ కావాలి. చూయింగ్ గమ్ వ్యాపార కుటుంబానికి చెందిన ఎడ్విన్ బీమన్ సాయంతో మరో పాత జెన్నీకి బాకీ ఉన్న సొమ్ము కట్టింది. అది టెక్సాస్‌లోని డలాస్‌లో ఉంది. మెకానిక్, పైలట్ అయిన విలియం విల్స్ అనే తెల్ల యువకుడు దాన్ని ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు నడుపుకొచ్చాడు. దారిలో ఇంజిన్ మొరాయించి మధ్యమధ్యలో దించేయాల్సి వచ్చింది. ఆ డొక్కు విమానాన్ని చూసి దగ్గరివాళ్లు వద్దని వారించారు. ఆ ఊళ్లోనే తారసపడిన రాబర్ట్ అబాట్ కూడా వద్దన్నాడని చెబుతారు. మే 1న స్థానిక నల్లజాతి సంక్షేమ సంఘం వాళ్ల ప్రదర్శన. టిక్కెట్లు అమ్ముడవుతున్నాయి.

1926 ఏప్రిల్ 30 ఉదయం. మర్నాడు పారాచూట్‌తో ఎక్కడ దూకాలో చూసుకోవడానికి బెస్సీ బయల్దేరింది. విల్స్ నడుపుతున్నాడు. బెస్సీ వెనక సీట్లో ఉంది. ఆమె పొట్టి మనిషి. అంచు మీద నుంచి వంగి కిందకు చూడాలంటే బెల్టు అడ్డం. అందుకే పెట్టుకోలేదు. పారాచూటూ వేసుకోలేదు. దాదాపు పది నిమిషాలు తిరిగారు. ఉన్నట్టుండి విమానం వేగం అందుకుంది, ముక్కు కిందకు వాల్చి దూసుకొచ్చింది, గిర్రున తిరిగి తలకిందులైంది. బెస్సీ బయటకు జారిపోయింది. నేలను తాకేసరికే ప్రాణం పోయింది. ముప్పై నాలుగేళ్లు.

విల్స్ విమానంతో పాటే కూలిపోయి చనిపోయాడు. జనం పరుగెత్తుకొచ్చారు. నిర్వాహకుల్లో ఒకతను ఆ కంగారులో సిగరెట్ వెలిగించాడు. చిందిన పెట్రోలు అంటుకుంది. శిథిలాలు కాలిపోయాయి. చల్లారాక వెతికితే కారణం దొరికింది... బోల్టులు బిగించే పానా ఒకటి, విమానాన్ని అదుపుచేసే పళ్లచక్రాల మధ్య ఇరుక్కుపోయి ఉంది. ఎవరో మరమ్మతు చేస్తూ మరిచిపోయిన పనిముట్టు. ప్రతి తీగనూ తడిమి చూసుకున్నాకే ఎగరాలని లె క్రొతోయ్‌లో నేర్చుకున్న మనిషి ప్రాణం అలా పోయింది.

తెల్లవాళ్ల పత్రికలు కొన్ని విల్స్ మరణాన్నే ప్రధానంగా రాశాయి. బెస్సీ గురించి ఒకటి రెండు ముక్కలు, అదీ ఆయన వెంట ఉన్న మహిళగా. నల్లవాళ్ల పత్రికల్లో మాత్రం ఆమే పతాకశీర్షిక. జాక్సన్‌విల్‌లో వేలమంది వచ్చారు. అక్కడి నుంచి ఓర్లాండో, తర్వాత షికాగో. షికాగోలో పదివేలమంది నివాళులర్పించారు. మూకహత్యల మీద జీవితమంతా పోరాడిన పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఆ అంతిమసంస్కార సభను నడిపించింది. నగర శివారులోని లింకన్ శ్మశానంలో బెస్సీని ఖననం చేశారు.

ఆమె పెట్టని స్కూలు

ఫ్లయింగ్ స్కూలు కల తీరలేదు. కానీ మూడేళ్లకే విలియం పావెల్ అనే నల్లజాతి ఇంజినీరు లాస్ ఏంజిలెస్‌లో 'బెస్సీ కోల్‌మన్ ఏరో క్లబ్' మొదలుపెట్టాడు (1929). ఆయన యుద్ధంలో విషవాయువు పీల్చి బతికి బయటపడ్డవాడు. ఆ క్లబ్బు ఆడా మగా అందరికీ విమానం నడపడం నేర్పింది. పూర్తిగా నల్లజాతి పైలట్లతోనే 1931లో పెద్ద వైమానిక ప్రదర్శన పెట్టింది. ఆ క్లబ్బు పైలట్ జేమ్స్ బ్యానింగ్, మెకానిక్ థామస్ అలెన్‌ను తోడు తీసుకుని 1932లో అమెరికా ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాడు. అలా దాటిన తొలి నల్లజాతివాళ్లు వాళ్లే. దారి ఖర్చులకు ఊరూరా చందాలు అడుక్కుంటూ వెళ్లారు. చందా ఇచ్చినవాళ్లు విమానం రెక్క మీద తమ పేరు రాసుకోవచ్చు. పావెల్ 1934లో రాసిన 'బ్లాక్ వింగ్స్' పుస్తకాన్ని బెస్సీకే అంకితమిచ్చాడు.

షికాగోలో నల్లజాతి పైలట్ల సంఘం ఇంకో సంప్రదాయం పెట్టింది. 1931లో మొదలుపెట్టి బెస్సీ సమాధి మీదుగా విమానాల్లో ఎగురుతూ పూలు జారవిడిచేవారు. ఆ సంఘంలోని కార్నీలియస్ కాఫీ, విల్లా బ్రౌన్ షికాగోలో స్కూలు నడిపారు. అక్కడ శిక్షణ పొందిన కుర్రాళ్లలో కొందరు రెండో ప్రపంచయుద్ధంలో పేరుమోసిన టస్కీగీ దళంలో చేరారు. బెస్సీ స్కూలు అని బోర్డు పెట్టకపోయినా, ఒకరి తర్వాత ఒకరు ఆ స్కూలునే నడుపుతూ వచ్చారన్నమాట.

1992 సెప్టెంబరులో 'ఎండీవర్' వ్యోమనౌక అంతరిక్షంలోకి వెళ్లింది. అందులో మే జెమిసన్ ఉన్నారు, రోదసిలోకి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ. ఆమె వెంట తీసుకెళ్లిన వస్తువుల్లో ఓ ఫొటో ఉంది. తోలు టోపీ పెట్టుకున్న బెస్సీది. చిత్రమేమిటంటే, జెమిసన్ పెరిగింది షికాగోలోనే, అయినా పెద్దయ్యేదాకా ఆ పేరు వినలేదు. చిన్నప్పుడే ఎందుకు చెప్పలేదన్న చిరాకును బెస్సీ జీవితచరిత్రకు రాసిన వెనుకమాటలో దాచుకోలేదు.

గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. షికాగో ఓహేర్ విమానాశ్రయం దగ్గర ఓ రోడ్డుకి ఆమె పేరు పెట్టారు. 1995లో తపాలా బిళ్ల వచ్చింది. 2022లో, ఆమె తొలి ప్రదర్శనకు వందేళ్లయిన సందర్భంగా, అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు డలాస్ నుంచి ఫీనిక్స్‌కు ఓ విమానం నడిపారు. పైలట్లు, కేబిన్ సిబ్బంది, సామాను ఎక్కించేవాళ్లు, నేల మీది మెకానిక్... అందరూ నల్లజాతి మహిళలే. డలాస్... బెస్సీ ఆఖరి విమానం బయల్దేరిన ఊరు.

2023లో అమెరికా ప్రభుత్వం పావు డాలరు నాణెం మీద ఆమె బొమ్మ ముద్రించింది. మేఘాల వైపు చూస్తూ, ఎగరడానికి సిద్ధమవుతున్న బెస్సీ. పక్కన చిన్న అక్షరాల్లో ఓ తేదీ: 6.15.1921. కొట్లో సరుకులు కొని చిల్లర తీసుకునేవాళ్ల చేతుల్లో ఆ నాణెం ఇప్పుడు తిరుగుతోంది.